జీపు వెనక చక్రం, లచ్చవ్వ కండ్లు

పోచారం చెరువు నీళ్ల మీద ఒట్టు, మా బాపు జీపు స్టీరింగు మీద ఒట్టు, ఎల్లారెడ్డి బస్టాండులో ఇప్పటిదాకా నేను తాగిన చాయ్‌లన్నింటి మీద ఒట్టు. ఈ కింద రాసిన ప్రతి అక్షరం నిజం. ఇంత గట్టిగా ప్రమాణం చేయడానికి కారణముంది. నేను వాన పడుతోందంటే మా ఇంట్లోవాళ్లు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూస్తారు. ఒకసారి మా ఆవిడ తడిసిన చేతిని లోపలికి తీసుకుని, పైన ఎవరో బట్టలు ఆరేసినట్టున్నారు అంది. అలాంటి పేరు సంపాదించుకున్న మనిషి నిజం రాయాలనుకుంటే ముందు నాలుగు ఒట్లు పెట్టుకోక తప్పదు.

పోయిన నెల నా కారు వెనక చక్రం ఏడవడం మొదలుపెట్టింది. ఇరవై దాటాక కూని రాగం, నలభై దాటాక శోకాలు. కామారెడ్డిలో బండ్లు బాగుచేసే చోటికి తీసుకుపోయాను. షెడ్డు అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే అక్కడ నేల మా ఇంటి వంటగది కంటే శుభ్రంగా ఉంది. చల్లటి గదిలో కూర్చోబెట్టి, మీట నొక్కితే కాఫీ పోసే మిషను చూపించి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక అబ్బాయి చేతిలో పలక లాంటిది పట్టుకుని వచ్చాడు. చక్రానికి చెవి ఆనించలేదు. చెయ్యి పెట్టి వేడి చూడలేదు. కారును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చి తేల్చేశాడు.

"వెనక బేరింగ్ పోయింది సార్. చక్రం నడిమి హబ్బు మొత్తం మార్చాలె."

"విప్పి చూడవా?"

"గా హబ్బు విప్పేది కాదు సార్. మొత్తం సీలు జేసే వస్తది. తీసి పారేసుడే." తరవాత పలక మీద ఏదో చదివి అడిగాడు. "బండి ఎన్నడన్న నీళ్లల్లకు పోయిందా?"

"లేదు తమ్మీ."

అతను టిక్కు పెట్టుకున్నాడు. ఆ 'లేదు' నా నోట్లోంచి ఎంత నున్నగా జారిందంటే నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే గుర్తొచ్చింది, ముప్పై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో, రేకుల షెడ్డు కింద, చేతులనిండా మసి ఉన్న ఒక మనిషి అచ్చంగా ఇదే ప్రశ్న అడిగాడు. అప్పుడు కూడా జవాబు 'లేదు' అనే వచ్చింది.

అప్పటి మా ఇంటిని కళ్లకు గంతలు కట్టి తిప్పినా గుర్తుపట్టొచ్చు. వాకిట్లో తడిపిన గోనెసంచిలో చుట్టిన తునికాకు వాసన, ఇంటిలోపల బీడీల తంబాకు ఘాటు, పొయ్యి దగ్గర జొన్నరొట్టె మాడిన అంచు, వీటన్నింటి మీదా దుప్పటి కప్పినట్టు గ్రీజు, డీజిలు. అవ్వ, అంటే మా అమ్మ, చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది. ఆమె తుమ్మితే మేం తుమ్మేవాళ్లం, గోడ అవతల లచ్చవ్వ తుమ్మేది. బాపు నర్సయ్య ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి జీపు నడిపేవాడు. ఆ జీపు ఆయన చేతికొచ్చేనాటికే ఇద్దరు యజమానులను చూసి, ఇద్దరినీ విసిగించి వచ్చింది. కాగితాల మీద అందులో తొమ్మిది మంది కూర్చోవచ్చు. వేలాడేవాళ్లు, బానెట్టు మీద కూర్చునేవాళ్లు, ఇంకొకరి ఒళ్లో ఉన్నవాళ్లు బాపు దృష్టిలో మనుషుల కింద రారు. ఆయన గోళ్లలో గ్రీజు ఎప్పుడూ ఉండేది. మా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైన రోజులున్నాయి గాని, బాపు కలిపి పెట్టిన ముద్దలో గ్రీజు తక్కువైన రోజు లేదు. నాకు పంతొమ్మిదేళ్లు. ఇంటర్ రెండోసారి తప్పి, జీపు తోలడం నేర్చుకుని, ఆ రెండింటినీ ఒకే గర్వంతో చెప్పుకుని తిరిగేవాణ్ని.

బాపు తాతముత్తాతలది బర్రెల కొట్టం. జీపు కొన్నా ఆయన బుద్ధి కొట్టంలోంచి బయటికి రాలేదు. పొద్దున్నే నాలుగు టైర్లనూ కాలితో తట్టి, బానెట్టు మీద నిమిరి, అది ఏదో చెబుతుందన్నట్టు కాసేపు నిలబడేవాడు. ఏటా దసరాకు ముందు రోజు దాన్ని నాగిరెడ్డిపేట మీదుగా పోచారానికి తోలుకుపోయి స్నానం చేయించేవాడు. ఇంటి దగ్గర బిందెలతో కడిగితే అది కడిగినట్టు కాదట. "బర్రెను నీళ్లల్ల పండవెట్టకుంటె దాని ఒళ్లు సల్లవడ్తదా? గిది గూడ గంతే" అనేవాడు. ఆ దసరాకూ అంతే. ఎండలో అంత దూరం ఉరికి వచ్చిన బండిని ఆపకుండా నేరుగా నీళ్లలోకి దింపాడు, కడుపు మునిగేదాకా. అప్పటికే అక్కడ పడుకుని ఉన్న బర్రెలు చుట్టం వచ్చినట్టు పక్కకు జరిగి చోటిచ్చాయి. కాగి ఉన్న వెనక చక్రాలు నీళ్లను తాకగానే సుయ్‌మని ఆవిరి లేచింది. బాపు దాన్ని జీపు వదిలిన నిట్టూర్పు అనుకున్నాడు. "సూడు, ఎంత పానం సల్లవడ్డదో" అన్నాడు. వరిగడ్డి చుట్టతో వీపు రుద్దాడు, పక్క అద్దాల వెనక, చెవుల వెనక రుద్దినట్టు రుద్దాడు. పాలు పిండలేదు, అదొక్కటే తక్కువ.

దసరా పొద్దున జీపుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. గోడ అవతలి లచ్చవ్వ వచ్చింది. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, వాడకట్టు మొత్తంలో బీడీలు అంత వేగంగా చేసే మనిషీ లేదు. అప్పటికి రెండేళ్లుగా రెండు కండ్లకూ పొరలు కమ్మి, వేళ్ల గుర్తుతోనే బీడీ చుట్టేది. మధ్యాహ్నాలు ఆడవాళ్లందరూ చేటలు పట్టుకుని ఆమె అరుగు మీదే చేరేవాళ్లు. అరుగంటే ఆమెకు ఇల్లు, చుట్టాలు, వార్తలు అన్నీ. ఆ పొద్దున బానెట్టు మీద అరచెయ్యి పెట్టి చివరిదాకా తడిమింది. దండలో పూలు ఒక్కొక్కటి వేళ్లతో లెక్కబెట్టినట్టు ముట్టుకుంది.

"పెండ్లికొడుకు లెక్కున్నది తమ్మీ నీ బండి. నూరేండ్లు ఉరకాలె."

బాపు పొంగిపోయాడు. "దీపావళి ఎల్లినంక వచ్చే బుధవారం నిన్ను కామారెడ్డి కంటి దవాఖానకు నేనే తోలుకపోత అక్కా. ముందల సీట్ల కూసోవెట్టుకొని" అని మాటిచ్చాడు. డాక్టరు ఆమెకు రెండుసార్లు రోజు చెప్పాడు. వెంట వచ్చేవాళ్లు లేక రెండుసార్లూ తప్పింది. ఈసారి కూడా రాకపోతే పొర ముదిరిపోతుంది, తరవాత కత్తి పెట్టినా చూపు వస్తుందని చెప్పలేను అన్నాడట. అందుకని ఆమె ఆ బుధవారాన్ని వేళ్ల మీద లెక్కబెట్టుకుంటూ కూర్చుంది.

దసరా వెళ్లిన వారానికి జీపు కుడివైపు వెనక చక్రంలోంచి తుమ్మెద పాట మొదలైంది. మరో వారానికి అది ఇసుర్రాయిలో జొన్నలు విసిరిన చప్పుడయింది. బండి ఎక్కినవాళ్లు ఊరుకుంటారా. "నర్సన్నా, ఎనకాల పిండిగిర్ని పెట్టినవా?" అని ఒకడు, "రెండు శేర్ల జొన్నలు తెస్త, కామారెడ్డి చేరే వరకు పిండి అయితదా?" అని ఇంకొకడు. బాపు ఆ చప్పుడు వినబడకుండా తనే గట్టిగా పాట ఎత్తుకునేవాడు. దాంతో ఎక్కేవాళ్లు ఇంకా తగ్గారు. చివరికి ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని రోగం ఏమిటో తేల్చి చెప్పాడు.

"లచ్చక్క సూసింది. గా దసరా నాడు గంతసేపు బండి మీద చెయ్యి పెట్టి సూసింది. దిష్టి తగిలింది."

అవ్వ రొట్టె చేస్తున్నదల్లా ఆగింది. "ఆమెకు పళ్లెంల అన్నం కనవడ్తలేదు, నీ జీపు కనవడ్డదా?"

"దిష్టికి సూపెందుకే? మనసు సాలు."

"గట్లయితె ఆపరేషనెందుకు? మనసుతోనే సూస్తది, వదిలెయ్యి."

వాదంలో అవ్వ గెలిచింది గాని నిర్ణయం బాపుది. వైద్యం మొదలైంది. బండి ముందు మిరపకాయలు, నిమ్మకాయ. వెనక ఇనుప కడ్డీకి పాత చెప్పు. ఇరుసుకు నల్లదారం. దీపావళి అమావాస్య నాడు బూడిద గుమ్మడికాయ. గ్రీజు ఒక్కటి తప్ప అన్నీ పెట్టాడు. జీపు వీటన్నింటినీ ఓపికగా స్వీకరించి, ఇంకొంచెం గట్టిగా ఏడ్చింది. దిష్టి మాట మాత్రం ఏ చప్పుడూ లేకుండా వాడకట్టంతా తిరిగింది. ఒకామెకు దూడ చచ్చిపోయింది, అదీ లచ్చవ్వ ఖాతాలోకే పోయింది. ఇంకొకామె కొడుక్కి జ్వరం. ఒకరి తరవాత ఒకరు చేటలు పట్టుకుని మా అరుగు మీదికి మారారు. అవతల లచ్చవ్వ ఒక్కతే కూర్చుని బీడీలు చేస్తుంటే ఆ వేళ్ల చప్పుడు గోడ ఇవతలికి వినబడేది. ముందు సీటు మాట బాపు మళ్లీ ఎత్తలేదు. "బస్సుల పోత తియ్యి" అందామె అవ్వతో. పక్కింటి గడప వెతుక్కుంటూ దాటే మనిషి బస్సు మెట్టు ఎక్కడ వెతుక్కుంటుందో అవ్వ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ బుధవారానికి ముందు రోజు, మంగళవారం, లింగంపేట దాటాక జీపు తన బాధను మాటల్లో కాక చేతల్లో చూపించింది. ముందు మాడిన గ్రీజు వాసన. తరవాత వెనకనుంచి ఎవరో పట్టి గుంజినట్టు బండి పక్కకు లాగింది. కుడి వెనక చక్రం బిగుసుకుపోయి తిరగడం మానేసింది, టైరు రోడ్డు మీద నల్లటి గీత గీసుకుంటూ ఈడ్చుకొచ్చి ఆగింది. అందరం దిగాం. బాపు సీసాలోంచి నాలుగు నీటి చుక్కలు హబ్బు మీద చల్లితే పెనం మీద పోసినట్టు చుంయ్‌మన్నాయి. దిగినవాళ్లలో మేకను ఒళ్లో పెట్టుకుని వచ్చిన గాంధారి ఊరి ఆసామి ఒకడున్నాడు. చక్రాన్ని చూసి, బాపును చూసి, "మేక నయం. మేత ఏస్తె నడుస్తది" అని దాన్ని కిందికి దింపి నడక మొదలుపెట్టాడు. బాపు బండిని వెనక్కీ ముందుకీ ఊపి ఊపి, టప్పుమని చక్రం కాస్త వదిలేసరికి, మనిషి నడకతో మెల్లగా తోలుకుంటూ బయల్దేరాడు. కామారెడ్డి ఇంకా కనుచూపు మేరలో లేనప్పుడే ఆ మేక మమ్మల్ని దాటిపోయింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది కూడా.

కామారెడ్డిలో మా బండి చూసే ఖాజా మిస్త్రీ మాట తక్కువ మనిషి. బండి షెడ్డులోకి వస్తున్నప్పుడే చప్పుడు విని, చేతిలో చాయ్ కింద పెట్టాడు. చక్రం తీశాడు. బ్రేకు డ్రమ్ము రానంది, సుత్తితో చుట్టూ బుజ్జగించి లాగాడు. అది వచ్చీ రాగానే లోపల్నుంచి తుప్పు రంగు నీళ్లు ఒక చెంబెడు కారాయి. ఆ నీళ్లతో పాటు వేలెడంత చేప ఒకటి కిందపడి ఎగిరెగిరి పడింది. మూడు వారాలకు పైగా గ్రీజు తిని బాగా నునుపెక్కి ఉంది. ఖాజా బేరింగులో వేలు పెట్టి తీస్తే గ్రీజు విరిగిన పాలలా తెల్లగా వచ్చింది.

"నర్సన్నా, బండి నీళ్లల్లకు పోయిందా?"

బాపు ఆకాశం వైపు చూశాడు. "లేదే."

ఖాజా చేపను తోక పట్టుకుని లేపాడు. "మరి గిది లింగంపేటల ఎక్కిందా?"

షెడ్డులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. బాపు పక్కనున్న డబ్బా మీద కూర్చున్నాడు. ఖాజా ఇక దాచకుండా చెప్పాడు. "ఉడుకుడుకు హబ్బు సల్లటి నీళ్లల్ల దింపితె లోపటి గాలి ముడుచుకుంటది. గప్పుడు దూప అయిన మనిషి లెక్క నీళ్లు గుంజుకుంటది. గ్రీజు ఖతం. బేరింగు గుండ్లకు తుప్పు. ఉడుకు మీద నీళ్లల్ల దిగితె బర్రె ఉంటది భాయ్, బేరింగు ఉండది."

"మరి లచ్చక్క?"

"ఎవరామె? ఆమె బేరింగులు గూడ పోయినయా?"

బేరింగు లోపలి రింగు ఇరుసును పట్టుకుని ససేమిరా రానంది. ఖాజా గ్యాసు మంట పెట్టి ఎర్రగా కాల్చి, లాగే పనిముట్టు బిగించి, ఒకరం పట్టుకుంటే ఒకరం తిప్పితే, మూడు గంటల వేళకు తుపాకి పేలినట్టు ఊడి షెడ్డు రేకులకు తగిలింది. గుండ్లన్నీ అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు పడి ఉన్నాయి. కొత్త బేరింగు ఎక్కించాక, పాత రింగును బాపు తువ్వాల్లో మూటగట్టుకున్నాడు. దారంతా పాట పాడలేదు, పాడాల్సిన అవసరం లేదు, చక్రం నోరు మూసుకుంది.

మా దిక్కున మగవాళ్లు తప్పయిందని నోటితో అనరు. బాపు చీకటి పడకముందే గోడ దగ్గరికి పోయి, గోడకేసి చూస్తూ, "అక్కా, రేపు పొద్దుగాల ఆరింటికి. ముందల సీటు" అన్నాడు.

"నేను ఎక్కితె మల్ల చక్రం పట్టుకోదా తమ్మీ?"

"పట్టుకోదు. గది నీళ్లు పోయి పట్టుకున్నదట. నీదేం లేదు."

"గింత మెల్లగ చెప్తవేంది? దిష్టి అన్ననాడు వాడకట్టంత ఇనొచ్చె."

అవ్వ చేట కింద పెట్టి చూస్తోంది. మా అరుగు మీది ఆడవాళ్ల వేళ్లు ఆగాయి. బాపు గొంతు సవరించుకుని, జీపు తోలేటప్పుడు కామారెడ్డి, కామారెడ్డి అని అరిచే గొంతుతో అన్నాడు. "లచ్చక్క దిష్టి గాదు. నీళ్లల్ల దింపి నేనే ఖరాబు జేసిన." రెండు వీధుల అవతల కుక్క మొరిగింది. మర్నాడు ఆరింటికి ఆమె ముందు సీట్లో కూర్చుంది. బాపూ నేనూ చెరో చెయ్యి పట్టుకుని దవాఖాన మెట్లెక్కించాం. వారానికి కట్టు విప్పాక, వాకిట్లోకి వచ్చి, రెండేళ్ల తరవాత మొదటిసారి జీపును నిండుగా చూసింది. చుట్టూ తిరిగి చూసింది. ఊడిన రంగు చూసింది, తాడుతో కట్టిన తలుపు చూసింది.

"గిదా? గీ తుప్పు డబ్బకా నేను దిష్టి వెట్టింది? నా కన్ను గంత అగ్గువనా తమ్మీ?"

మరో వారానికి చేటలన్నీ ఆమె అరుగు మీదికి తిరిగిపోయాయి. జరిగి చోటిచ్చుకున్నారు, పోచారంలో బర్రెల్లాగే. పాత రింగు మా ఇంట్లో పెరుగు గిన్నె మూత మీద బరువుగా కుదురుకుంది. పిల్లి దాన్ని ఎన్నడూ కదపలేకపోయింది. అది చేసిన పనుల్లో పనికొచ్చింది అదొక్కటే.

ఇప్పుడు కామారెడ్డిలో ఆ ఇస్త్రీ చొక్కా అబ్బాయి నా కారు పాత హబ్బును అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు, నేను అడిగినందుకు వింతగా చూస్తూ. దాన్ని విప్పడానికి లేదు, లోపల ఏముందో ఎవరికీ తెలియదు, చేపే ఉన్నా బయటికి రాదు. నిజమే, ఇప్పుడు ఏ ముసలామె మీదికీ నింద పోదు. మంచి కాలం. ఇప్పుడు తప్పు పార్టుది, పార్టును పారేస్తే తప్పు కూడా పోతుంది, మనం కాఫీ తాగి బయటికొస్తాం. ఆ రోజుల్లో తప్పు ఎవరిదో తేలేదాకా మంట పెట్టి, సుత్తితో కొట్టి, లాగి, అది పేలి రేకులకు తగిలేదాకా వదిలేవాళ్లు కాదు. తేలాక వాడకట్టు వినేలా చెప్పేవాళ్లు. ఆ కాలమే గొప్పదని అననుగాని, చక్రం చప్పుడు మాత్రం అప్పుడు నిజంగా పోయేది.

ఇక ఒట్టు సంగతి. నాలుగు పేజీలు అబద్ధం లేకుండా రాయడం నా ఒంటికి పడదు, కాబట్టి ఎక్కడెక్కడ కల్పించానో ఒప్పుకుంటాను. చేప బతికి లేదు. ఎండి చెక్కయి ఉంది, చెంబెడు నీళ్లూ లేవు, తుప్పు తడి ఉందంతే. ఎగిరిందని రాసింది నేను. మేక వెనక్కి తిరిగి చూసిందో లేదో కూడా గట్టిగా చెప్పలేను. ఇవి చిల్లర.

అసలుది వేరే. బాపు ఎన్నడూ కాగిన బండిని నీళ్లలోకి దింపలేదు. గట్టు మీద వేపచెట్టు కింద ఆపి, సద్ది తిని, ఓ కునుకు తీసి, హబ్బు మీద చెయ్యి పెట్టి చల్లబడ్డాకే, టైర్లు తడిసేంత లోతుకే దింపేవాడు. ఆ దసరాకు ఆయనకు జ్వరం. "సల్లారినంకనే దింపు బిడ్డా" అని తాళం నాకిచ్చాడు. నేను ఇద్దరు దోస్తులను ఎక్కించుకుని, ఎంత వేగంగా నీళ్లలోకి పోతే అంత ఎత్తున నీళ్లు లేస్తాయని పందెం వేసి, రోడ్డు మీంచి నేరుగా కడుపు మునిగేదాకా తోలాను. చక్రం ఏడవడం మొదలుపెట్టాక "ఎంత లోతు దింపినవ్ రా?" అని బాపు అడిగితే, "టైర్లు తడిసేంతనే. లచ్చవ్వ పెద్దమ్మ గంతసేపు బండిని సూసింది గదా" అన్నాను. ఆ పేరు మొదట ఎత్తింది నేను. బాపు చేసిందల్లా కొడుకు మాట నమ్మడమే. ఖాజా షెడ్డులో 'లేదే' అన్నది కూడా నేనే. చేప తోక పైకి లేచినప్పుడు బాపు ఆకాశం వైపు చూడలేదు. నా వైపు చూశాడు. చూసి, "నేనే దింపిన భాయ్" అన్నాడు. సాయంత్రం వాడకట్టు ముందు కూడా ఆ మాటే అన్నాడు. ఇంటికొచ్చాక నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తాళం మాత్రం ఏడాదిదాకా ఇవ్వలేదు.

లచ్చవ్వ కట్టు విప్పిన రోజు జీపును చూడటానికి ముందు నన్ను చూసింది. బాపు లోపలికి పోయేదాకా ఆగి, "కండ్లు లేనప్పుడు గూడ నాకు చెవులు మంచిగనే ఉండె కొడుకా. గోడ పల్చనిది" అంది. బాపుతో ఎన్నడూ చెప్పలేదు. బాపుకు తెలుసని ఆమెకు తెలియదు, ఆమెకు తెలుసని బాపుకు తెలియదు. ఇద్దరూ వెళ్లిపోయారు. చెప్పడానికి వాళ్లు లేరని తెలిసే ఇన్నాళ్లూ ఈ కథను బాపు పేరు మీద నడిపించాను.

నా కారు కూడా పోయిన వానలకు వంతెన కింద సగం చక్రం నీళ్లలోంచే వచ్చింది. ఇది రాయడం మొదలుపెట్టే ముందు ఆ అబ్బాయికి ఫోను చేసి, "నీళ్లల్లకు పోయింది తమ్మీ, నేనే తోలిన" అని చెప్పాను. నమ్మండి. ఒట్టు పెట్టడానికే ఇక ఏమీ మిగల్లేదు.